మునగమన్నా మునగదట!

పసుపు కొమ్మును విరిచి, లోపలి రంగు చూసి, టక్కుమన్న చప్పుడు విన్నాకే ధర చెప్పే ఊరు మనది. అలాంటి ఆర్మూర్‌లో బోటు మాట వచ్చేసరికి సీటు మెత్తగా ఉందా, డీజే డబ్బాకు జాగా ఉందా అన్న దగ్గరే బేరం తెగిపోతోంది. పోచంపాడు బ్యాక్‌వాటర్‌లో షికారుకు పెద్ద పాంటూన్ మేలా, వీ-హల్ చిన్న బోటు మేలా? చాయ్ హోటల్ పంచాయితీ ఇదే.

పాంటూన్ పక్షం పెద్దమనుషులది. "అన్నా, కింద రెండు అల్యూమినియం గొట్టాలు, మీద చదునుగా డెక్కు. కదలదు మెదలదు. ముప్పై మందిని ఎక్కించు, బర్త్‌డే చెయ్యి. మునగమన్నా మునగదు!"

గొట్టాల్లో గాలి నిలిచి, జనం సర్దుకుని కూర్చుంటే కదలని మాట నిజమే. కానీ మనవాళ్లు కూర్చుంటారా? అంకాపూర్ నాటుకోడి గిన్నె మూత తీయగానే అందరూ ఒకే మూలకు చేరతారు. గిన్నె ఖాళీ అయితే సెల్ఫీకి ఇంకో మూలకు. బరువెటు పోతే గొట్టం అటే దిగుతుంది. ఎండకని పైన కప్పు వేయిస్తే, గాలిదుమారం రోజున స్టీరింగ్ డ్రైవర్ చేతిలో ఉంటుంది, బోటు గాలి చేతిలో ఉంటుంది.

వీ-హల్ పక్షం కుర్రాళ్లది. అడుగు కోసుగా ఉంటుంది కాబట్టి అలను చీల్చుకుని దూసుకుపోతుందని వారి మురిపెం. అదీ అబద్ధం కాదు. అయితే ఆగి ఉన్నప్పుడు ఒకరు లేచి నిలబడితే చాలు, అటూ ఇటూ ఊగుతుంది. పైగా దానికి కాస్త లోతు కావాలి. 1,091 అడుగుల నిండు మట్టం వానాకాలం వైభోగం. ఎండాకాలానికి నీళ్లన్నీ కాలువల వెంట పొలాలకు పోతాయి, ముంపు ఊళ్ల మొండిగోడలు తల ఎత్తుతాయి. 1963లో నెహ్రూ శంకుస్థాపన చేసిన ఈ పోచంపాడు ప్రాజెక్టుకు మొదట చెప్పుకున్నది 112 టీఎంసీలు. పూడిక మింగగా మిగిలింది 80 చిల్లర. ఆ బురదలో ఫ్యాన్ దిగబడ్డాక ఇంజన్ ఎన్ని హార్స్‌పవర్లయితే ఏం, లాగాల్సింది ట్రాక్టరే.

నన్నడిగితే, ఒడ్డు వెంబడి మెల్లగా తిరిగే కుటుంబాలకు పాంటూన్, నలుగురైదుగురు గాలికి ఎదురుగా దూరం పోవాలంటే వీ-హల్. ఇంతే సంగతి. దీనికి గ్రామాభివృద్ధి కమిటీ తీర్మానం అక్కర్లేదు.

అక్కర ఉన్న భద్రత ప్రశ్నకు మాత్రం దిక్కు లేదు. 2017 నవంబర్ 12, కార్తీక ఆదివారం, ఇబ్రహీంపట్నం పవిత్ర సంగమం దగ్గర అనుమతి లేని బోటు బోల్తా పడి 20 మందికి పైగా పోయారు. 2019 సెప్టెంబర్ 15న కచ్చులూరు దగ్గర రాయల్ వశిష్ఠ బోటు వరద గోదావరిలో మునిగింది. ఎక్కిన 77 మందిలో సగానికి పైగా ఇళ్లకు చేరలేదు. ధర్మాడి సత్యం బృందం ఆ బోటును బయటికి లాగేసరికి అక్టోబర్ 22. వరదలో బోటును ఎవరు వదిలారు, అనుమతి ఎవరు చూశారు అని ఆ రోజుల్లో అందరూ అడిగారు. తర్వాత మళ్లీ సీట్ల రంగు దగ్గరికొచ్చాం. లైఫ్ జాకెట్లయితే మన దగ్గర పదిలంగా ఉంటాయి. మాసిపోతాయని కవరు కూడా విప్పరు!

తెప్ప మీద వల వేసే గంగపుత్రులకు హల్ పేర్లు తెలియకపోవచ్చు. పొద్దున్నే ఆకాశం చూస్తారు, గాలి చూస్తారు. మహారాష్ట్ర వరదకు ప్రాజెక్టు 42 గేట్లలో కొన్ని లేచాయంటే తెప్పను ఒడ్డుకు లాగేస్తారు. మనం అదే రోజు గేట్లు చూద్దామని పిల్లాజెల్లాతో బయల్దేరతాం.

కాబట్టి బాబూ, ఎక్కే ముందు ఈ బోటుకు ఎంతమందికి అనుమతి, జాకెట్లు ఎన్ని అని అడగండి. జవాబుకు బదులు "ఏం కాదు, ఎక్కండి" అన్నాడా, టికెట్ పైసలు వాపసు తీసుకుని సిద్ధుల గుట్ట ఎక్కండి. దానికి ఏ హల్లూ అక్కర్లేదు.