ఎనభై ఆరుగారూ, ఇరవై ఏడుగారూ

అమెరికా ఈశాన్య మూలన కనెక్టికట్ అని చిన్న రాష్ట్రం ఒకటుంది. అటు పోతే బోస్టన్, ఇటు పోతే న్యూయార్క్. రాజధాని హార్ట్‌ఫర్డ్ చుట్టూ ఇన్సూరెన్స్ కంపెనీలు, వాటిలో కంప్యూటర్ల పనికి వచ్చి స్థిరపడ్డ తెలుగువాళ్లు బోలెడంతమంది. కొత్తగా దిగినవాళ్లకి పాతవాళ్లు అన్నీ చెబుతారు: మంచు ఎత్తే పార ఎక్కడ కొనాలో, గోంగూర ఎక్కడ దొరుకుతుందో, ఏ స్కూలుకి ఎంత రేటింగో. ఒక్కటి మాత్రం చెప్పరు. ఈ రాష్ట్రం నడుమ నుంచి ఏ మ్యాపులోనూ లేని సరిహద్దు ఒకటి పోతుంది. దానికి అవతల రెడ్ సాక్స్ వాళ్లు, ఇవతల యాంకీస్ వాళ్లు. రెండూ బేస్‌బాల్ జట్లే. ఆ గీత కొన్నిచోట్ల ఊళ్ల మధ్య నుంచి పోతుంది, కొన్నిచోట్ల వీధుల మధ్య నుంచి. మా ఎదురింట్లో భోజనాల బల్ల మధ్య నుంచి పోతుంది.

ఆ ఇంటాయన రిటైరైన ప్లంబరు. పుట్టింది మసాచుసెట్స్‌లో. ఆయనకి మా ఇంట్లో పెట్టుకున్న పేరు ఎనభై ఆరుగారు. అది ఆయన వయసు కాదు. 1918లో వరల్డ్ సిరీస్ గెలిచిన రెడ్ సాక్స్ మళ్లీ 2004లో గాని గెలవలేదు. మధ్యలో గడిచిన ఏళ్లు 86. వాటిలో ఈయన స్వయంగా అనుభవించినవి కొన్నే. మిగతావి తండ్రి నుంచి సంక్రమించాయి. ఇల్లు అన్నగారికి రాసిచ్చి, ఏడుపు మాత్రం ఈయనకి రాసిపోయాడా తండ్రి.

ఈయన అక్క మొగుడు న్యూయార్క్ బ్రాంక్స్‌లో పుట్టిన మనిషి, జన్మతః యాంకీస్. లెక్కలు చూసే ఉద్యోగం చేసి రిటైరయ్యారు. ఆయన ఇరవై ఏడుగారు. యాంకీస్ గెలిచిన వరల్డ్ సిరీస్‌లు 27. వాదన ఏదైనా ఆయన చివరికి వచ్చేది ఆ అంకె దగ్గరికే. వాతావరణం గురించి మాట్లాడినా అక్కడికే తేగలరు.

ఎనభై ఆరుగారితో ఎవరైనా పొరపాటున బేస్‌బాల్ ఊసెత్తితే కథ 1919 డిసెంబరులో మొదలవుతుంది. వచ్చినవాడు పోస్టుమ్యాన్ అయితే కొంచెం కుదిస్తారు. అప్పటికి రెడ్ సాక్స్ 5 సార్లు వరల్డ్ సిరీస్ గెలిచిన జట్టు, యాంకీస్ ఒక్కసారీ గెలవనిది. రెడ్ సాక్స్ యజమాని హ్యారీ ఫ్రేజీకి నాటకాల వ్యాపారం. నాటకాల మోజులో మాన్యాలు కరగబెట్టిన జమీందార్లు మనకేం కొత్త కాదు. ఫ్రేజీ తన జట్టు ఆటగాడు బేబ్ రూత్‌ని అమ్మాడు. లక్ష డాలర్లకి, యాంకీస్‌కి. దాంతో పాటు యాంకీస్ యజమాని నుంచి అప్పు కూడా తీసుకున్నాడు, దానికి రెడ్ సాక్స్ ఆడే ఫెన్వే పార్కునే తాకట్టు పెట్టాడు. కథ ఇక్కడికి వచ్చేసరికి ఎనభై ఆరుగారు ఒక్క క్షణం ఆగి, వినేవాడి మొహం చూస్తారు. తాకట్టు అన్న మాట మనవాళ్లకి తగిలినంతగా అమెరికన్లకి తగలదని ఆయన ఫిర్యాదు. అందుకే మా నాన్నగారు ఇండియా నుంచి వచ్చినప్పుడల్లా ఆయనకి పండగ. భాష సగమే కలిసినా, "స్టేడియం తాకట్టా?" అని మా నాన్నగారు నోరు తెరవడం ఆయనకి అపారమైన తృప్తినిచ్చింది.

ఆ తర్వాత యాంకీస్ 1923లో మొదటిసారి గెలిచి, ఇక ఆపలేదు. దీన్నే రూత్ శాపం అంటారు. ఎనభై ఆరుగారు చర్చికి ఏడాదికి రెండుసార్లు వెళ్లే మనిషి, దెయ్యాల్ని నమ్మరు. శాపాన్ని నమ్ముతారు. ఎందుకు నమ్మరు? 1978 జులైలో సాక్స్ యాంకీస్ కంటే 14 ఆటలు ముందున్నారు. సీజను ముగిసేసరికి ఇద్దరూ సమానం. తేల్చుకోవడానికి అక్టోబరు 2న ఫెన్వేలో ఒక్క మ్యాచ్ పెట్టారు. యాంకీస్‌లో బకీ డెంట్ అని ఉన్నాడు, కొట్టుడుకి పేరున్నవాడేం కాదు. వాడు లేపిన బంతి 37 అడుగుల ఆకుపచ్చ గోడ దాటింది. సాక్స్ 5-4తో ఓడారు. బోస్టన్ వాళ్లు ఆ పేరు పలికేటప్పుడు ఇంటిపేరుకి ముందు ఒక మాట చేరుస్తారు. పత్రికలో అచ్చేసే మాట కాదది. ఎనభై ఆరుగారి మనవరాలు చాలాకాలం అది ఆయన అసలు పేరే అనుకుందట, బడిలో చెప్పిందట కూడా.

2003 ఇంకా పచ్చి గాయం. సెమీఫైనల్ లాంటి సిరీస్, ఏడో మ్యాచ్, పదకొండో ఇన్నింగ్స్. ఆరన్ బూన్ కొట్టిన హోమ్ రన్‌తో మళ్లీ ఇంటికి. గాయం మాననీయకుండా ఆ బూన్‌నే యాంకీస్ తర్వాత మేనేజర్‌గా పెట్టుకుంది. ఇప్పుడు ప్రతి మ్యాచ్‌లోనూ కెమెరా మాటిమాటికీ ఆయన మొహం చూపిస్తుంది. చూపించిన ప్రతిసారీ ఎనభై ఆరుగారు చిప్స్ గిన్నెలోకి చూస్తారు.

ఆయన మ్యాచ్ చూసే తీరు చూడవలసింది. గ్యారేజీలో, రెంచీలు వేలాడే గోడ ముందు, చేతులు చిరిగిన కుర్చీలో. టీవీ గొంతు నొక్కేసి రేడియో పెడతారు. రేడియోవాడు టీవీ కంటే కొన్ని క్షణాలు ముందు చెప్పేస్తాడు. కాబట్టి బంతి ఇంకా పిచ్చర్ చేతిలో ఉండగానే ఈయన "అయిపోయింది" అని తల పట్టుకుంటారు. చూడకముందే బాధపడే సౌకర్యం ఇది. సాక్స్ ఆరు పరుగులు ముందుండగా వెళ్లి "మీవాళ్లు గెలుస్తున్నారుగా" అన్నామనుకోండి, కొరకొరా చూసి "ఇంకా ఆడుతున్నారు" అంటారు. ముందున్నామని నోటితో అంటే దిష్టి. టోపీ ఉతికితే దరిద్రం. ఆ టోపీ అసలు రంగు నీలమని పాత ఫొటోలు చూస్తే తెలుస్తుంది. యాంకీస్ వేరే ఊళ్లో, వేరే జట్టుతో ఆడుతున్నా రెండో టీవీలో అది నడుస్తూండాలి. సాక్స్ ఓడి, యాంకీస్ కూడా ఓడిన రాత్రి ఆయన నిద్రపోతారు. సాక్స్ గెలిచి, యాంకీస్ కూడా గెలిచిన రాత్రి నిద్రపోరు. దీన్నిబట్టి ఆయన ఎవరి అభిమానో మీరే తేల్చుకోవచ్చు.

ఇరవై ఏడుగారిది వేరే పద్ధతి. ఇస్త్రీ చొక్కా, నున్నటి గడ్డం, ఉతికిన టోపీ. యాంకీస్‌లో ఆటగాళ్లెవరూ గడ్డం పెంచకూడదని యజమాని స్టైన్‌బ్రెనర్ డెబ్భైల్లో పెట్టిన నియమం. సాక్స్‌లో జులపాలతో, గుబురు గడ్డంతో ఉండే జానీ డేమన్ అనేవాడు 2005 చివర్లో యాంకీస్‌తో ఒప్పందం కుదుర్చుకుని క్షవరం చేయించుకుని ప్రత్యక్షమయ్యాడు. బావగారు దాన్ని మానవ నాగరికతలో ఒక మెట్టుగా చెబుతారు. 2025లో యాంకీస్ ఆ నియమాన్ని సడలించి తీరుగా ఉన్న గడ్డం పెంచుకోవచ్చన్నప్పుడు ఆయన రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు.

ఆయనకి రెడ్ సాక్స్ మీద కోపం లేదు. అలా ఆయనే చెబుతారు. కోపం ఉండాలంటే ముందు వాళ్లు కనపడాలి కదా అంటారు. "బోస్టన్‌లో కూడా జట్టుందా? మంచిదే." బామ్మర్ది 2004 అని మొదలుపెడితే, "ఆ ఏడాది ఎవరు గెలిచారబ్బా?" అని కళ్లజోడు తీసి తుడుచుకుంటారు.

ఆ ఏడాది ఎవరు గెలిచారో ఆయనకి బాగా తెలుసు. మళ్లీ అదే సెమీఫైనల్ లాంటి సిరీస్, మళ్లీ ఈ రెండు జట్లే. యాంకీస్ మూడు మ్యాచ్‌లు వరుసగా గెలిచారు, మూడోది 19-8తో. నాలుగోది ఫెన్వేలో. తొమ్మిదో ఇన్నింగ్స్‌లో యాంకీస్ ఒక్క పరుగు ముందున్నారు, బంతి వేస్తున్నది మరియానో రివేరా, ఆ పని అతనికంటే బాగా చేసినవాడు లేడు. డేవ్ రాబర్ట్స్ అనే ఆటగాడిని సాక్స్ పరిగెత్తడానికే దింపారు. రెండో బేస్‌కి దొంగతనంగా పరిగెడతాడని స్టేడియంలో ప్రతివాడికీ తెలుసు, రివేరాకీ తెలుసు. పరిగెట్టాడు. దక్కింది. తర్వాతి దెబ్బకి స్కోరు సమం. అర్ధరాత్రి దాటాక పన్నెండో ఇన్నింగ్స్‌లో డేవిడ్ ఓర్టీజ్ హోమ్ రన్ కొట్టాడు. ఆ తర్వాత మూడూ సాక్సే గెలిచారు, చివరిది యాంకీస్ సొంత స్టేడియంలో 10-3తో. మూడు ఓడాక నాలుగు గెలిచిన జట్టు మేజర్ లీగ్ చరిత్రలో అంతకుముందు లేదు. ఇరవై ఏడుగారు ఆ నాలుగో మ్యాచ్ మళ్లీ ఎప్పుడూ చూడలేదని, టీవీలో రాబర్ట్స్ మొహం కనిపిస్తే లేచి కిటికీలు మూయడానికి వెళతారని వాళ్లావిడ, అంటే ఎనభై ఆరుగారి అక్కగారు, మా ఆవిడతో చెప్పింది. ఇంట్లో మూయడానికి అన్ని కిటికీలు లేవట.

గెలిచాక ఎనభై ఆరుగారు సుఖపడ్డారా? అక్కడే వచ్చింది చిక్కు. యాంకీస్ స్టేడియంలో జనం ఏళ్ల తరబడి "నైన్టీన్ ఎయిటీన్" అని రాగం తీసి ఏడిపించేవాళ్లు. ఆ కేకలు ఆగిపోయాయి. ఆగిపోతే ఈయనకి తోచలేదు. సాక్స్ 2007లో గెలిచారు, 2013లో గెలిచారు, 2018లో గెలిచారు. అంటే 2004 నుంచి లెక్క తీస్తే వీళ్లకి 4, యాంకీస్‌కి 1, అదీ 2009 నాటిది. న్యాయంగా చూస్తే ఇప్పుడు దర్జాగా తిరగవలసినవాడు ఈయన, పాత ఫొటోలు చూసుకుని నిట్టూర్చవలసినవాడు ఆయన. ఇద్దరూ ఒప్పుకోరు. పేదరికం పోయినా ఈయన పేదవాడి గొంతుతోనే మాట్లాడతారు, సిరి తరిగినా ఆయన జమాబందీ చదువుతూనే ఉంటారు. అభిమానం చిన్నప్పుడు కుట్టించుకున్న చొక్కా కాబోలు, మనిషి మారినా కొలతలు మార్చరు.

ఈ రెండు పక్షాలూ ఒకరినొకరు వదిలి ఉండలేరన్న అనుమానం నాకు మొదటి నుంచీ ఉంది. 2005 ఏప్రిల్లో ఫెన్వేలో గెలుపు ఉంగరాలు పంచిన రోజున యాంకీసే వచ్చారు. రివేరా పేరు పిలవగానే బోస్టన్ జనం లేచి చప్పట్లు కొట్టారు, మా గెలుపుకి సాయపడ్డావు బాబూ అని. రివేరా నవ్వి టోపీ తీశాడు. తర్వాత న్యూయార్క్‌లో యాంకీస్‌కి కొత్త స్టేడియం కడుతుంటే సాక్స్ అభిమాని అయిన ఒక కూలీ ఓర్టీజ్ జెర్సీని కాంక్రీటులో పూడ్చాడు, చేతబడి లెక్కన. యాంకీస్ వాళ్లు నవ్వి ఊరుకోలేదు. డ్రిల్లు పెట్టి కాంక్రీటు పగలగొట్టించి, తవ్వి తీశారు. ఆ చొక్కాని వేలం వేస్తే 1,75,100 డాలర్లు వచ్చాయి, బోస్టన్ క్యాన్సర్ నిధికి పోయాయి. 2013లో బోస్టన్ మారథాన్‌లో బాంబులు పేలిన మర్నాడు యాంకీస్ స్టేడియంలో ఫెన్వేవాళ్ల పాట "స్వీట్ కెరొలైన్" పెట్టారు. ఇరవై ఏడుగారు ఆ రోజు అక్కడే ఉన్నారు. పాడారా అని బామ్మర్ది అడిగితే, "పెదవులు కదిపాను. గొంతు కలపలేదు" అన్నారు. ఎనభై ఆరుగారు దానికి ఎదురు మాట అనకపోవడం నేను చూసింది ఆ ఒక్కసారే.

2025 అక్టోబరులో మళ్లీ పాత దెబ్బే. ప్లేఆఫ్స్ మొదటి రౌండులో రెండు జట్లూ తలపడ్డాయి, తేల్చే మూడో మ్యాచ్ తేదీ అక్టోబరు 2. అవును, బకీ డెంట్ తేదీ. సాక్స్‌కి పరుగే దక్కనీయకుండా 8 ఇన్నింగ్స్ బంతులేసి 12 మందిని స్ట్రైకవుట్ చేసిన యాంకీస్ కుర్రాడు క్యామ్ ష్లిట్లర్ స్వస్థలం వాల్పోల్, మసాచుసెట్స్. ఎనభై ఆరుగారు పుట్టిన రాష్ట్రమే. "మనవాడే పొడిచాడు" అని ఆయన గ్యారేజీ షట్టరు దించేశారు. మర్నాడు వెళ్లి చూస్తే మనిషి కళకళలాడుతున్నారు. చాలా ఏళ్ల తర్వాత చెప్పుకోవడానికి కొత్త కష్టం దొరికింది మరి.

వీళ్లిద్దరి కళ్లూ మా అబ్బాయి మీద పడ్డాయి. వాడికి తొమ్మిదేళ్లు, ఇంకా ఏ పక్షమూ కాదు. పుట్టినరోజుకి ఒకరు B అక్షరం టోపీ తెచ్చారు, ఒకరు NY అక్షరాల టోపీ. ఏ టోపీ అయినా చెవులు కప్పేది కాదే అని మా ఆవిడ బాధ. వాడు రెండు టోపీలూ పక్కన పెట్టి, "అంకుల్, మా ఫ్రెండ్ మెట్స్ అన్నాడు. నేనూ మెట్స్" అన్నాడు. న్యూయార్క్‌లోనే ఉండే రెండో జట్టది. గదిలో చీమ చిటుక్కుమన్నా వినపడేటంత నిశ్శబ్దం. 1986 వరల్డ్ సిరీస్‌లో సాక్స్ గెలుపు చేతిలోకి వచ్చాక బిల్ బక్నర్ కాళ్ల మధ్య నుంచి బంతి జారి, ఆ సిరీస్ పోయింది మెట్స్‌కే. ఇక యాంకీస్ వాళ్లకి మెట్స్ అంటే సొంత ఊళ్లో అద్దెకున్నవాళ్లు. బావా బామ్మర్దులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నాకు తెలిసి వాళ్లు ఒక విషయం మీద ఏకాభిప్రాయానికి రావడం అదే మొదలు. పిల్లాణ్ణి చెరోపక్కా కూర్చోబెట్టుకుని గంటసేపు బోధించారు, ఒకరి వాక్యం ఒకరు పూర్తి చేస్తూ. వాడు కేకు తింటూ విన్నాడు. ఇప్పటికీ మెట్సే.

కనెక్టికట్‌లో ఇల్లు కొనే ఆలోచనలో ఉన్నవాళ్లకి ఒక మాట. స్కూలు రేటింగు చూసుకోండి, ఇంటి పన్ను చూసుకోండి, బేస్‌మెంటులో చెమ్మ ఉందేమో చూసుకోండి. తర్వాత ఒక్కసారి రోడ్డు దాటి, ఎదురింటి గ్యారేజీలో ఏ జెండా వేలాడుతోందో కూడా చూసుకోండి. రెండు జెండాలుంటే మాత్రం వెంటనే కొనేయండి. టీవీ కొనే ఖర్చు మిగులుతుంది.