మూడో మనిషికి ప్రవేశం లేదు

ఫిఫా వారి ధర్మశాస్త్రంలో అన్నిటికన్నా పవిత్రమైన సూత్రం ఒకటుంది. జాతీయ ఫుట్‌బాల్ సంఘాల వ్యవహారాల్లో మూడో మనిషి తలదూర్చరాదు. సర్కారు వేలు పెట్టకూడదు, కోర్టు నోరు మెదపకూడదు. ఈ మడి వల్ల ఆటకు ఎంత మేలు జరిగిందో చూడాలంటే ట్రినిడాడ్ అండ్ టొబాగో చరిత్ర చదవాలి. ఆ బుల్లి కరీబియన్ దేశంలో ఫుట్‌బాల్ సంఘం 1908లోనే పుట్టింది. లెక్కలు మాత్రం ఇంకా పురిటి నొప్పులు పడుతున్నట్టే ఉంటాయి.

1989 నవంబర్ 19న అమెరికాతో డ్రా చేసుకున్నా చాలు, ఇటలీ ప్రపంచ కప్‌కు వెళ్లొచ్చు. దేశమంతా ఎర్ర బట్టలు కట్టుకుంది. స్టేడియంలో పట్టేవాళ్ల కంటే వేల టికెట్లు ఎక్కువగా అమ్ముడయ్యాయి. జట్టు 0-1తో ఓడింది. టికెట్లు కొన్నవాళ్లలో ఎందరికో ఆ ఓటమి చూసే భాగ్యం కూడా దక్కలేదు. అప్పటి సంఘం కార్యదర్శి జాక్ వార్నర్. ప్రభుత్వం విచారణ వేసింది. మరుసటి ఏడాదే ఆయన ప్రాంతీయ సమాఖ్య కాన్‌కకాఫ్‌కు అధ్యక్షుడయ్యాడు. చిన్న స్టేడియం సరిపోని ప్రతిభకు ఖండమే కావాలి మరి!

అక్కడి నుంచి ఆయన దశ తిరిగింది. 1998 ప్రపంచ కప్ టీవీ హక్కులు తనకు ఒక్క డాలరుకే వచ్చాయని తర్వాత ఆయనే చెప్పుకున్నాడు. ట్రినిడాడ్‌లోని మకోయాలో ఫిఫా సొమ్ముతో దాదాపు 2.6 కోట్ల డాలర్ల శిక్షణ కేంద్రం లేచింది. పేరు ఫిఫా మాజీ అధ్యక్షుడు హావెలాంజ్‌ది. స్థలం మాత్రం వార్నర్ కంపెనీలదని 2013లో కాన్‌కకాఫ్ సొంత కమిటీయే తేల్చింది. అత్త సొమ్ము అల్లుడు ధారపోయడం విన్నాం. ఇక్కడ ధార తిరిగి అల్లుడి చెంబులోకే చేరింది.

2006లో జట్టు ప్రపంచ కప్‌కు వెళ్లి, డార్ట్‌మండ్‌లో స్వీడన్‌ను 0-0తో నిలువరించింది. ఆటగాళ్లకు ఆదాయంలో వాటా ఇస్తామన్నారు. ఇంటికొచ్చాక సంఘం చూపిన లెక్క ప్రకారం ఒక్కొక్కరికి వెయ్యి అమెరికన్ డాలర్లు కూడా రాలేదు. పలువురు ఆటగాళ్లు లండన్ మధ్యవర్తుల ముందుకెళ్లి 2008లో గెలిచారు. అయినా డబ్బు చేతికందలేదు. చివరికి 2012లో కోర్టు అమీనాలు సంఘం ఆఫీసు సామాను జప్తు చేశారు. ఆడినవాడు మూడో మనిషే కదా, అంత తొందరేం?

2011 మేలో పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌లోని ఒక హోటల్లో కరీబియన్ సంఘాల ప్రతినిధులకు 40,000 డాలర్ల చొప్పున కవర్లు పంచారు. దుమారం రేగింది. వార్నర్ ఫుట్‌బాల్ పదవులకు రాజీనామా చేశాడు. వెంటనే ఫిఫా విచారణ ఆపేసి, ఆయన నిర్దోషి అన్న భావనకు భంగం లేదని ప్రకటించింది. జీవితకాల నిషేధం వేయడానికి 2015 దాకా, అంటే అమెరికా నేరాభియోగాలు మోపేదాకా, ముహూర్తం కుదరలేదు.

మరి ఫిఫాకు కోపమే రాదా? ఎందుకు రాదు! 2020 మార్చిలో అప్పులు పెరిగాయంటూ, నాలుగు నెలల ముందే ఎన్నికైన విలియం వాలెస్ కార్యవర్గాన్ని తీసేసింది. వాళ్లు న్యాయం కోసం సొంత దేశపు హైకోర్టుకు వెళ్లారు. అంతే, సెప్టెంబర్‌లో దేశాన్నే సస్పెండ్ చేసింది. టికెట్లకు, కవర్లకు, స్థలానికి రాని ఆగ్రహం ఒక్క పిటిషన్‌కు వచ్చింది. అదే కత్తి 2022 ఆగస్టులో మన అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య మీదా పడింది.

ఇప్పుడు లెక్క తేల్చుకుందాం. ప్రభుత్వం మూడో మనిషి. కోర్టు మూడో మనిషి. ఆటగాడు, టికెట్ కొన్న ప్రేక్షకుడు కూడా ఆ వరసే. అయితే మొదటి ఇద్దరూ ఎవరయ్యా అంటే, ఇచ్చేవాడు, పుచ్చుకునేవాడు. వాళ్లిద్దరి ఏకాంతానికి భంగం కలగకుండా చూడటానికి పెట్టిన ముద్దు పేరే స్వయంప్రతిపత్తి.