దొరగారి కారు, నా పత్తి డబ్బులు

ఎవరికీ చెప్పనంటే ఒక సంగతి చెబుతాను. ఆస్పరిలో మా ఇంటి వెనక రేకుల షెడ్డులో ఒక స్పోర్ట్స్ కారు ఉంది. ఇంగ్లండులో ఆక్స్‌ఫర్డ్ పక్కన ఆబింగ్డన్ అనే ఊళ్ళో తయారైంది. ఎంజీ కంపెనీది, టీడీ మోడలు. రెండే సీట్లు. మామూలు కప్పు లేదు, గుడ్డ టాపు ఒకప్పుడు ఉండేదంటారు. ముందు అద్దాన్ని బోనెట్టు మీదికి పడుకోబెట్టొచ్చు. తలుపులు లోకంలోని మిగతా తలుపులకు ఎదురుదిక్కుగా తెరుచుకుంటాయి. ఇన్ని సుగుణాలున్న బండి ఆదోని, ఎమ్మిగనూరు, ఆలూరు గాలించినా ఇంకొకటి దొరకదు. కారణం సులువే. మా వైపు జనానికి బుద్ధుంది.

నాకు చిన్నప్పటి నుంచీ వస్తువు కన్నా దాన్ని వాడిన మనిషి మీద మోజు ఎక్కువ. ఎవరైనా పాత గడియారం చూపిస్తే టైమెంతో చూడను, ఎవరిదని అడుగుతాను. మీరూ అంతేలెండి, ఇక్కడ మనిద్దరమే ఉన్నాం. "ఈ మంచం మా తాతకు జమీందారు ఇచ్చాడు" అని ఎవరైనా అంటే, నాలుగో కోడు కింద ఇటుక పెట్టిన ఆ మంచం వంక భక్తిగా చూడని వాణ్ణి నేనింకా చూళ్ళేదు.

2021 జులైలో పేపర్లో ఒక వార్త పడింది. యాభై ఏళ్ళు దాటిన సొంత బండ్లకు కేంద్రం వింటేజ్ రిజిస్ట్రేషన్ ఇస్తుందట. నెంబరు ప్లేటు మీద 'వీఏ' అని రెండు అక్షరాలు వస్తాయట. ఇరవై వేలు ఫీజు, పదేళ్ళు చెల్లుబాటు. ఆ ఏడు పత్తి కాస్త కరుణించింది. చేతిలో డబ్బు, పేపర్లో వార్త, తలలో ఖాళీ, ఈ మూడూ ఒకేసారి కుదిరిన మనిషిని వెతుక్కుంటూ బ్రోకరు రాకుండా ఉంటాడా? వచ్చాడు.

కారు ఆదోనిలో ఒక మూతబడ్డ జిన్నింగు మిల్లు వెనక ఉంది. నేను వెళ్ళేసరికి డ్రైవరు సీటులో ఒక కోడి పొదుగుతా ఉంది. అది మమ్మల్ని చూసి లేవలేదు. యజమానురాలిలా కూర్చుంది. బ్రోకరు గొంతు తగ్గించి మొదలుపెట్టాడు.

"1947లో బళ్ళారి కలెక్టరు దొర ఓడెక్కి పోతా పోతా, నమ్మకంగా పనిచేసిన గుమాస్తాకు రాసిచ్చిన కారు సామీ ఇది. షోలవరంలో రేసులు గూడా ఆడింది."

ఆ మాటలో ఎంత బలముందో మా ప్రాంతం వాళ్ళకే అర్థమవుతుంది. ఆదోని, ఆలూరు తాలూకాలు అప్పట్లో బళ్ళారి జిల్లావే. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన రోజున బళ్ళారి మైసూరుకు పోయింది, మేం కర్నూలుకు వచ్చాం. కాబట్టి బళ్ళారి కలెక్టరంటే మా తాతల కలెక్టరే. ఇక షోలవరం అంటే మద్రాసు దగ్గర రెండో ప్రపంచయుద్ధం నాటి విమానాల రన్‌వే. యాభైల నుంచి మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్బు వాళ్ళు దాని మీద కార్ల పందేలు నడిపారు. కార్లంటే ప్రాణమిచ్చే నటి సావిత్రి ఆ రోజుల్లో మద్రాసులోనే ఉంది కదా అన్నది మాత్రం బ్రోకరు చెప్పలేదు, నేనే సొంతంగా కలుపుకున్నాను. దొర, గుమాస్తా, షోలవరం, సావిత్రి, ఆ తర్వాత నేను. వరస ఎంత బాగుందో చూడండి.

బోనెట్టు తెరిచి చూశానా? లేదు. తుప్పుపట్టి రావడం లేదన్నారు, సరేనన్నాను. చేను కొనేటప్పుడు మట్టి పిడికిట్లో పట్టి వాసన చూసే మనిషిని నేను. ఎద్దును కొంటే పళ్ళు లెక్కపెడతాను. దొరగారి కారును అలా పరీక్షించడం మర్యాద కాదనిపించింది. నాలుగు లక్షలు లెక్కపెట్టి ఇచ్చాను. కోడిని, గుడ్లను వాళ్ళే తీసుకున్నారు. బేరంలో లాభపడింది ఆ కోడి ఒక్కటే.

కారును ట్రాక్టరు ట్రాలీలో ఎక్కించి ఇంటికి తెస్తే మా ఆవిడ చుట్టూ ఒకసారి తిరిగి చూసి, "తక్కిన సగం ఎప్పుడు తెస్తారు?" అంది. నేను పలకలేదు. కార్ల చరిత్ర చదివే పనిలో పడ్డాను. మెర్సిడెస్ వాళ్ళ 1955 నాటి ఒక కారు 2022లో పదమూడున్నర కోట్ల యూరోలకు అమ్ముడుపోయింది, మన లెక్కలో దాదాపు 1,100 కోట్లు. హైదరాబాదు చౌమహల్లా ప్యాలెస్‌లో నిజాం సింహాసనం కారుంది, 1912 నాటి రోల్స్‌రాయిస్. ఆర్డరిచ్చిన ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ అది వచ్చేలోగానే 1911లో పోయాడు. బండి మొత్తం తిరిగింది 356 మైళ్ళేనట. నాది అంతకన్నా తక్కువే తిరుగుతా ఉందని తృప్తిపడ్డాను. అసలు తిరగడం లేదు కదా.

అంతటితో ఆగితే నేనెందుకు అవుతాను? విజిటింగు కార్డులు కొట్టించాను. నా పేరు కింద 'వింటేజ్ కార్ కలెక్టర్' అని బంగారు అక్షరాలు. టమాటా మార్కెట్లో పదిమందికి పంచాను. మరుసటి వారం పక్క ఊరి అవ్వ ఒకామె పింఛను ఆగిపోయిందని కాగితం పట్టుకుని మా అరుగు మీద కూర్చుంది. తిప్పి పంపడానికి మనసొప్పక అర్జీ రాసిచ్చాను. పింఛను వచ్చింది కూడా. కలెక్టరుగా నా సర్వీసులో సాధించింది అదొక్కటే.

రిపేరు సంగతి తొందరగా చెప్పేస్తాను, తలుచుకుంటే ఇప్పటికీ నడుం నొప్పెడుతుంది. ఈ కారుకు పైన కనిపించేది రేకే గానీ, లోపల ఒళ్ళంతా చెక్క చట్రం. ఇంగ్లండులో దొరికే యాష్ అనే చెక్క. మా నల్లరేగడి చెదలకు విదేశీ సరుకంటే ఎంత ఇష్టమో అప్పుడు తెలిసింది. తలుపు పట్టుకుంటే పిండి రాలింది. ఆదోని నుంచి వడ్రంగి వచ్చి వేపచెక్కతో మొత్తం మళ్ళీ కట్టాడు. వేప కాబట్టి ఇక చెదలు పట్టవని, కావాలంటే పళ్ళు కూడా తోముకోవచ్చని భరోసా ఇచ్చాడు. ఆ కాలం ఇంగ్లీషు బండ్లలో బ్యాటరీ ప్లస్ వైరు బాడీకి తగిలిస్తారు, మనవాళ్ళు మైనస్ తగిలించినట్టు. ఆ ముక్క తెలియని ఎలక్ట్రీషియను మన పద్ధతిలో బిగించాడు. పొగ వచ్చింది. "స్టార్టవుతా ఉంది అన్నా" అని సంబరపడ్డాడు. ఇంజను పని మాత్రం ఆదోనిలో ఒక మెకానిక్ భాయ్ షెడ్డులో జరిగింది. తలుపులు మూసుకుని చేశాడు. నన్ను లోపలికి రానీలేదు. గొప్ప పనివాళ్ళ తీరే అంత అనుకున్నాను.

ఇక అసలు పరువు పోయిన ఘట్టానికి వస్తున్నాను, కాస్త దగ్గరికి జరగండి.

బెంగళూరులో పాత కార్ల ప్రదర్శన. లారీలో వేసుకుని పోయాను. తెల్ల ప్యాంటు, తెల్ల చొక్కా, తలమీద టోపీ. ఆ టోపీ ఎందుకు పెట్టుకున్నానో ఇప్పటికీ నాకు తెలియదు. మైకు చేతికిచ్చి రెండు మాటలు చెప్పమన్నారు. రెండు మాటలతో ఆపడం మా ఇంటా వంటా లేదు. దొరను బళ్ళారి కోట ఎక్కించాను, దించాను, గుమాస్తా చేత కన్నీళ్ళు పెట్టించాను, ఓడ కదిలేటప్పుడు రేవులో ఈ కారు హారను మోగించాను. బళ్ళారికి రేవెక్కడిదని ఎవరూ అడగలేదు. చప్పట్లు కూడా కొట్టారు.

అప్పుడు పద్నాలుగు పదిహేనేళ్ళ పిల్లాడొకడు, కళ్ళద్దాలు పెట్టుకున్నవాడు, ముందుకొచ్చాడు. "అంకుల్, బోనెట్ తీస్తారా?" అన్నాడు. తీయనంటే బాగోదు. ఈ కార్ల బోనెట్టు రెండు పక్కలా రెక్కల్లా లేస్తుంది. లేపాను. వాడు తల దూర్చి ఇత్తడి ప్లేటు మీద నెంబరు చదివాడు, పదిహేను వేల పైచిలుకు. "ఎంజీ వాళ్ళు ఈ మోడలుకు 0251 నుంచి నెంబర్లు వేసేవాళ్ళు అంకుల్, ఫ్యాక్టరీ ఫోన్ నెంబరు 251 కాబట్టి" అన్నాడు. ఎంత ముచ్చటైన విషయమో అనుకున్నాను, నవ్వాను, వాడి తల నిమిరాను. "కాబట్టి ఇది 1952 బండి. అసలు టీడీ మోడలు మార్కెట్లోకి వచ్చిందే 1950లో. మరి 1947లో కలెక్టర్ ఎలా ఇచ్చాడు?" నిజం ఒప్పుకునే సందు ఒకటి దొరికింది, క్షణం పాటు తెరుచుకునే ఉంది, నేను దాన్ని వదిలేసి మైకులోనే, అందరికీ వినబడేలా, "దొర ముందే బుక్ చేసుకున్నాడు బాబూ" అన్నాను. జనం నవ్వడం మొదలుపెట్టారు, ఆ నవ్వుకు ఇంకో పెద్దాయన వచ్చాడు, ఆయన ముప్పై ఏళ్ళు టాక్సీ తోలినవాడట, ఇంజను చూడగానే ఊళ్ళో చుట్టం కనబడినట్టు మొహం విప్పారి, "ఇదేందప్పా, మా అంబాసిడర్ ఇంజనే గదా!" అన్నాడు, నేను బోనెట్టు మూయబోయాను, అది నా టోపీని కూడా కలుపుకుని మూసుకుంది.

టోపీ సగం బయట, సగం లోపల. ఫొటోలన్నీ ఆ భంగిమలోనే వచ్చాయి.

ఇంటికొచ్చాక మనిషి ఏం చేస్తాడు? తన తప్పు లేదని చెప్పే పుస్తకం కోసం వెతుకుతాడు. నాకూ దొరికింది. 1929, 1930లో లె మాన్స్ పందెం గెలిచిన బెంట్లీ కారొకటి ఉంది, ఓల్డ్ నంబర్ వన్ అని పేరు. 1990లో దాని మీద లండన్ హైకోర్టులో దావా నడిచింది. కోటి పౌండ్లకు బేరమయ్యాక, ఇందులో పాత భాగాలు మిగిలిందెన్నని కొనేవాళ్ళు వెనక్కి తగ్గారు. కాలక్రమంలో భాగాలు మారినా బండి చరిత్ర ఎక్కడా తెగలేదు, ఇదే ఆ కారు అని జడ్జి తేల్చాడు. నేను ఎగిరి గంతేశాను. పైగా ఎంజీ అంటే మోరిస్ గ్యారేజెస్, మన అంబాసిడరేమో మోరిస్ ఆక్స్‌ఫర్డ్ కారుకు నకలు. అంటే గుండె మారినా రక్తం ఒకటే! ఈ వాదన మా ఆవిడకు వినిపించాను. "లండన్ జడ్జి మన ఆర్టీవో ఆఫీసులో కూర్చోడు" అంది.

ఆమె చెప్పిందే నిజమైంది. 'వీఏ' నెంబరు కావాలంటే బండి పుట్టినప్పుడు ఎలా ఉందో అలాగే ఉండాలి, చట్రం, బాడీ, ఇంజను గణనీయంగా మార్చకూడదని నియమం. ఒకవేళ ఇచ్చినా రోజూ నడపడానికి లేదట, ప్రదర్శనలకు, ర్యాలీలకు, పెట్రోలు పోయించుకోవడానికి, రిపేరుకు మాత్రమే. రిపేరుకు నడపొచ్చన్న వెసులుబాటు చూసి నా కోసమే రాసినట్టుందనుకున్నాను.

దొర పోయాడు, మరి కారు ఎవరిది? అడగ్గా అడగ్గా ఆదోని పాత బజారులో ఒక ముసలాయన చెప్పాడు. మద్రాసు నుంచి దీన్ని సెకండ్ హ్యాండులో తెచ్చింది ఒక పత్తి మిల్లు కుర్రాడట. ఇంట్లో ఎనిమిది మంది, కారులో రెండు సీట్లు. తల్లి గొడవ పడితే అమ్మేశాడు. తర్వాత చాలా ఏళ్ళు ఒక టూరింగ్ టాకీసు ఆసామి దగ్గర ఉంది. ముందు అద్దాన్ని పడుకోబెట్టి, ఆ చోట వాల్‌పోస్టరు బోర్డు కట్టి, స్పేరు టైరు మీద మైకు బిగించి, ఆస్పరి, ఆలూరు సంతల్లో 'నేడే చూడండి' అని తిప్పేవాడట. అంబాసిడర్ ఇంజను వేయించింది ఆయనే. పాత ఇంజను చప్పుడుకు మైకు వినపడ్డం లేదని! "మేమంతా ఎనకాల పరిగెత్తి రంగు కాయితాలు ఏరుకునేవాళ్ళం సామీ. ఒకసారి నేను ఆ బంపరు పట్టుకుని చిన్నహోతూరు దాకా పోయినా" అన్నాడు ముసలాయన. ఇప్పటికీ మోచేతి మీద మచ్చ ఉంది, చొక్కా మడిచి చూపించాడు. ఆ తర్వాత పెళ్ళి మెరవణులకు బాడుగకు తిరిగింది. చివరికి కోళ్ళకు దక్కింది.

ఎంత మంచి చరిత్ర, అవునా? కానీ ఆ రోజు నాకు ఏడుపొచ్చింది. నాలుగు లక్షలు పోసి కొన్నది సినిమా ప్రచారపు బండినా అని. మచ్చ చూపించిన మనిషికి టీ కూడా ఇప్పించకుండా వచ్చేశాను. విజిటింగు కార్డులో ఆ సంగతి ఎలా వేయించుకుంటాం చెప్పండి?

ఈ మధ్య అమ్మేద్దామనుకున్నాను. టమాటా మండీలో కుర్రాళ్ళు కొత్త ఎంజీ హెక్టర్లు వేసుకొచ్చి "మామా, నీదీ ఎంజీయే గదా, పందెమేద్దామా?" అంటున్నారు. మెకానిక్ భాయ్‌కి చెప్పాను. పోయిన ఆదివారం ఆయన హైదరాబాదు నుంచి ఒకాయన్ను తీసుకొచ్చాడు. రిటైరైన పెద్దమనిషి, తెల్లబట్టలు, తలమీద టోపీ. మా ఆవిడ ఉగ్గాని, బజ్జీ పెట్టింది. ఆయన తినడం లేదు, షెడ్డు వైపే చూస్తున్నాడు. బోనెట్టు తీస్తానన్నాను, నిజం చెప్పేద్దామనే. వద్దన్నాడు.

"భాయ్ అంతా చెప్పాడండీ" అన్నాడు, గొంతు తగ్గించి. "ఆ బళ్ళారి కలెక్టరు దొర పేరేమిటి?"

నేను భాయ్ వైపు చూశాను. భాయ్ బజ్జీ వైపు చూశాడు. మా ఆవిడ వంటింటి గుమ్మంలో నిలబడి నా వైపు చూసింది. ఆ చూపు నాకు తెలుసు, పత్తి డబ్బుల చూపు.

"పేరు మాత్రం గుర్తు రావడం లేదండీ" అన్నాను.

పర్వాలేదట. రికార్డుల్లో ఆయనే వెతికిస్తానన్నాడు.