ముందు దొరికేది నేనే

నేను ప్లగ్గుని. స్పార్క్ ప్లగ్గుని. బండి ఆగిందంటే అందరి చెయ్యీ ముందు నా మీదే పడుతుంది. బయటికి కనిపిస్తాను, ఒక్క పానాతో ఊడి వస్తాను, కొత్తది కొనాలన్నా పెద్ద ఖర్చు కాదు. అంతకుమించి కారణం ఏమీ లేదు.

అలాగని మాది అల్లాటప్పా వంశం కాదు. 1860లోనే పారిస్‌లో లెన్వా తన గ్యాస్ ఇంజన్‌లో కరెంటు నిప్పురవ్వతో మంట పుట్టించాడు. 1902లో జర్మనీలో బాష్ దగ్గర పనిచేసే గాట్‌లోబ్ హోనోల్డ్ హై వోల్టేజి మ్యాగ్నెటోకి మమ్మల్ని జతచేశాక మోటారు బళ్ల దశ తిరిగింది. అంతటి వంశంలో పుట్టి నేను నర్సీపట్నం అబిద్ సెంటర్లో ఒక స్పేర్ పార్టుల కొట్టు అరలో కొన్నాళ్లు దుమ్ము తిని, చింతపల్లి వైపు కుర్రాడొకడి వంద సీసీ బండికి చేరాను.

మట్టిదారుల కోసమని హీరో వాళ్లు 2011లో ఇంపల్స్, 2019లో ఎక్స్‌పల్స్ తెచ్చారు గానీ, మన్యంలో కాఫీ తోటల మధ్య తిరిగేవి ఎక్కువగా మా బండిలాంటివే. ముందు మడ్‌గార్డు పైకెత్తి, వెనక బటన్ టైరు వేసి, సైడు కవర్లు పీకేసిన మామూలు బండి. అదే మా వాడి డర్ట్ బైకు.

జబ్బు డౌనూరు దాటాక, ఘాట్‌లో బయటపడింది. ఒకప్పుడు బాస్టియన్ అనే గూడెం డిప్యూటీ తహసీల్దారు ఈ దారి పనుల్లోనే గిరిజనులను చాలీచాలని కూలికి అరగదీశాడు. 1922లో అల్లూరి వెంట మన్యం లేచిందంటే ఆ కడుపుమంట కూడా ఒక కారణం. ఆ ఎక్కుడులో బియ్యం బస్తాతో పోతుంటే మిస్సింగ్ కొట్టి, రెండు దగ్గులు దగ్గి బండి ఆగింది. కిక్కు మీద కిక్కు కొట్టాడు. ఉలకలేదు. నన్ను ఊడదీసి, ఎండిన గుడ్డతో తుడిచి, తిట్టి, జేబులో ఉన్న కొత్త ప్లగ్గు బిగించాడు. ఒక్క కిక్కుకే స్టార్టయింది.

చూశారా, నేరం రుజువైపోయింది! ఈ తతంగానికి అరగంట పట్టిందని, ఆ అరగంటలో ఇంజన్ చల్లారిందని ఎవరికి పట్టింది? నన్ను టూల్ సంచిలో పడేశాడు. మళ్లీ వారం అదే ఎక్కుడులో కొత్త ప్లగ్గూ ఆగింది. సంచిలోంచి నాకు నవ్వొచ్చింది.

పెదబొడ్డేపల్లి మెకానిక్ పెద్దాయన పానా ముట్టుకోలేదు, ముందు అడిగాడు.

"ఎక్కీటప్పుడా, దిగీటప్పుడా?"

"ఎక్కీటప్పుడే బాబాయ్. పొద్దుటి మంచులో ఏటీ అవదు. దిగీటప్పుడూ బానే ఉంటది."

"ఆగినప్పుడు ప్లగ్గు తడిగా ఉందేటి?"

"తడే. పెట్రోలు వాసన."

ట్యాంకు మూత చిల్లు పూడుకుపోతే ఇంజన్‌కి పెట్రోలు అందదు, అప్పుడు ప్లగ్గు పొడిగా ఉంటుంది. తడిగా ఉందంటే పెట్రోలు వచ్చింది, నిప్పు రాలేదు. నా ముఖం చూస్తే ఇంకా చాలా తెలుస్తుంది. మసి పట్టి నల్లగా ఉంటే పెట్రోలు ఎక్కువైనట్టు, తెల్లగా కాలిపోతే ఇంజన్ అతిగా వేడెక్కినట్టు, నూనె జిడ్డుంటే రింగులు అరిగినట్టు. నాది లేత ఇటుక రంగు. పెద్దాయన అటూ ఇటూ తిప్పి చూసి, గ్యాపు 0.7 మిల్లీమీటర్లకు సరిచేసి, "దీనికేటైందిరా?" అని కొత్తదాన్ని తీసి నన్నే బిగించాడు. ఆయన పద్ధతి నాకు నచ్చింది. అనుమానం ఉన్నవాటిని ఒక్కసారే అన్నీ మార్చేస్తే బండి బాగుపడొచ్చు గానీ, దొంగ ఎవరో తేలదు.

లోడు మీద బలిఘట్టం వైపు తిప్పించి, బండి ఆగిన చోటే పరీక్ష మొదలెట్టాడు. చల్లారనిస్తే సాక్ష్యం పోతుంది మరి. ప్లగ్గు రంధ్రం గుడ్డతో మూసి, నన్ను క్యాప్‌లో ఉంచి హెడ్డు రెక్కకు ఆనించి, నీడ పట్టి కిక్కు కొట్టించాడు. నీలం రవ్వ చిటుక్కుమనాలి. ఏమీ లేదు. కిల్ స్విచ్ వైరు విడదీశాడు. ఎక్కడైనా ఒరుసుకుని ఎర్త్ అయితే అదే బండిని చంపుతుంది. అప్పుడూ లేదు. ప్లగ్ క్యాప్ విప్పి హెచ్.టి. వైరు కొసతోనే చూశాడు. లేదు.

ఇక మిగిలింది లోపలి వ్యవహారం. మ్యాగ్నెట్ తిరిగితే ఒక కాయిల్ సీడీఐలో కరెంటు నింపుతుంది. సరైన క్షణంలో పల్సర్ కాయిల్ సైగ చేస్తే సీడీఐ దాన్ని ఒక్కసారిగా ఇగ్నిషన్ కాయిల్లోకి వదులుతుంది, అది వేల వోల్టులై నా కొస మీద దూకుతుంది. సైగ లేకపోతే ఎంత కరెంటున్నా దండగే. పల్సర్ వైర్లకు మీటరు పెడితే ముల్లు కదల్లేదు. పెద్దాయన బీడీ ముట్టించాడు, బండికి దూరంగా జరిగే. ఇంజన్ చల్లారాక మళ్లీ పెట్టాడు. ముల్లు లేచి నిలబడింది. లోపల వెంట్రుకంత రాగితీగ ఎక్కడో తెగి, చల్లగా ఉంటే అతుక్కుని, వేడికి సాగి విడిపోతోందన్నమాట.

పల్సర్ కాయిల్ మార్చారు. సాయంత్రం మా వాడు రెండు బస్తాలేసుకుని లంబసింగి దాకా ఎక్కడా ఆగకుండా ఎక్కి, పైనుంచి పెద్దాయనకి ఫోన్ చేశాడు. ఇంజన్ నిమిషానికి 5,000 చుట్లు తిరుగుతుంటే 2,500 సార్లు మంట పెట్టింది నేనే. నా పేరు ఆ ఫోన్‌లో రాలేదు. టూల్ సంచిలో ఇప్పుడు కొత్త ప్లగ్గు ఉంది. దాన్ని కొట్లో వెనక్కిచ్చి డబ్బులడగాలని మా వాడి ఆలోచన. వాడేసిన సరుకు ఆ కొట్టాయన వెనక్కి తీసుకోడు. ఆ అరలో ఉన్నన్నాళ్లూ చూశానుగా.