ఆరు గొట్టాల మామ

బేతంచెర్లలో ఏ వస్తువైనా బల్లపరుపుగా ఉండాలి. ఊరి చుట్టూ నాపరాయి గనులు, ఊళ్లో పాలిష్ ఫ్యాక్టరీలు. రాయిని పలకగా చీల్చడం, అంచులు కోయడం, నునుపు పట్టించి చదరపు అడుగుల లెక్కన లారీకెక్కించడం, ఇదే బతుకు. ఇక్కడి పిల్లలకు అక్షరాలు రాకముందే బండ మందం చూడటం వస్తుంది. అలాంటి ఊళ్లో ఒక మనిషి గొట్టాల మీద మనసు పడ్డాడంటే, ఆయన జాతకంలో ఏదో గ్రహం కాస్త పక్కకు జరిగి ఉండాలి.

ఆయన్ని ఊరంతా రాకెట్ మామ అంటుంది. ఈ రకం మనిషి మాకొక్కరికే దొరకలేదు. డోన్‌లో ఉన్నాడు, నంద్యాలలో వీధికొకడు ఉన్నాడు. చదువు డిగ్రీ రెండో ఏడుతో ఆగిపోయి ఉంటుంది, కుతూహలం మాత్రం ఆగదు. ఫ్యాను బాగుచేస్తానని విప్పుతాడు. మళ్లీ బిగించాక ఫ్యాను తిరుగుతుంది, రెండు స్క్రూలు మిగులుతాయి. "అవి కంపెనీవోడు ఊరికే పెట్టినవి" అంటాడు. బోరు ఎందుకు ఎండిందో, చంద్రయాన్-2 ల్యాండరు ఎందుకు కూలిందో ఒకే గొంతుతో, ఒకే ధీమాతో చెబుతాడు. "మా నాయన ఈ కటింగ్ మిషన్ నా నెత్తిన పెట్టకపోయింటే నేను ఈపాటికి శ్రీహరికోటలో ఉండేటోణ్ణి" అన్నది ఈ రకం వాళ్లందరికీ ఉమ్మడి ఆస్తి. నాయన ఉన్నచోట కొందరు లెక్కల సారును పెట్టుకుంటారు, కొందరు పెళ్లాన్ని.

శ్రీహరికోటలో ప్రయోగాలు చూడటానికి 2019 నుంచి జనానికి గ్యాలరీ ఉంది. పేరు నమోదు చేసుకుంటే ఎవరైనా పోవచ్చు. మామ పోడు. "ఆడికి పోతే మనం చూసేటోళ్లమే గదప్పా" అంటాడు. ప్రయోగం ఉన్న రోజు మాత్రం మిద్దెక్కి ఆగ్నేయం వైపు నిలబడతాడు. మధ్యలో నల్లమల ఉంది, వెలికొండలున్నాయి, వందల కిలోమీటర్ల గాలి ఉంది. అయినా ఆయనకు పొగ కనిపిస్తుంది. మనకెందుకు కనిపించదంటే, "మీకు అలవాటు లే." 2022 నవంబర్ 18న హైదరాబాదు కంపెనీ స్కైరూట్ వాళ్ల విక్రమ్-ఎస్ 89.5 కిలోమీటర్ల ఎత్తుకు పోయిందని టీవీలో చెప్పినప్పుడు, మామ టీ గ్లాసు కింద పెట్టి గంభీరంగా అన్న మాట: "ప్రైవేటులో పోటీ మొదలయింది."

రాకెట్టంటే మందు గుర్తొస్తుంది. మామ మందు జోలికి పోడు. 1884 నాటి పేలుడు పదార్థాల చట్టం ఇంకా బతికే ఉంది, లైసెన్సు లేకుండా ముట్టుకోకూడదు. సరిగ్గా ఆ కాలంలోనే రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే దొర మా ఊరి దగ్గరి బిల్లసర్గం గుహల్లో పాతకాలపు జంతువుల ఎముకలు తవ్వించాడు. మామకు ఈ రెండు సంగతులూ కలిపి చెప్పకపోతే నిద్రపట్టదు. "ఒక దొర మన ఎముకలు తవ్వుకపోయినాడు, ఇంకో దొర మన చేతులు కట్టేసిపోయినాడు." ఆ చట్టం కన్నా గట్టిది అత్త శాసనం. "మందుతో నీ రాకెట్టు పైకి పోయిందంటే, నువ్వు లోపలికి పోతావు" అని ఆమె ఒక్కసారే చెప్పింది.

అందుకని నీళ్లు, గాలి. రెండు లీటర్ల కూల్‌డ్రింకు సీసాలో మూడో వంతు నీళ్లు పోసి, మూతికి రబ్బరు బిరడా బిగించి, బిరడాలోంచి సైకిలు పంపుతో గాలి కొట్టాలి. లోపల గాలి నొక్కుడు పెరిగి బిరడాను తన్నేస్తుంది, నీళ్లు కిందికి చిమ్ముతాయి, సీసా పైకి లేస్తుంది. ఇంతవరకు ఏ బడిపిల్లవాడైనా చేస్తాడు. మామ గొప్ప తోక దగ్గర మొదలవుతుంది.

తిన్నగా పోవాలంటే తోక కావాలి. దీపావళి తారాజువ్వకు పుల్ల ఉన్నది అందుకే, టిప్పు సుల్తాను ఇనప గొట్టాల రాకెట్లకు వెదురు కర్ర కట్టిందీ అందుకే. మిగతా లోకం మూడో నాలుగో పలుచటి రెక్కలు అంటిస్తుంది. రెక్క అంటే పలక. కొలత పెట్టి, కోణం చూసి, నిటారుగా నిలబెట్టి, జిగురు ఆరేదాకా ఊపిరి బిగబట్టాలి. "పొద్దంతా ఫ్యాక్టరీలో పలకలే కోస్తాండా, ఇంటికొచ్చినా పలకలేనా?" అని మామ తిరగబడ్డాడు. రెక్కలకు బదులు ఒంటి చుట్టూ గొట్టాలు అంటించే పద్ధతి ఒకటుందని ఎక్కడో చూశాడు. ఆ రోజు నుంచి ఊరికి శాంతి లేదు.

టీ అంగడి బల్ల మీద ఆయన పాఠం అందరికీ కంఠతా వచ్చింది. "ఏడు రూపాయి బిళ్లలు తీయండప్పా" అంటాడు. ఒకటి మధ్యలో పెడతాడు, ఆరు చుట్టూ పేరుస్తాడు. ఆరూ మధ్యదాన్ని తాకుతాయి, ఒకదాన్నొకటి తాకుతాయి, ఎక్కడా సందుండదు. "ఒకే సైజు గుండ్రాలయితే ఆరే పడతాయి. ఐదు పెడితే వదులు, ఏడు పట్టవు. దేవుడే కొలిచిపెట్టినాడు, టేపు పనిలే." నిజంగానే పనిలేదు. గొట్టాలు ఒకదానికొకటి ఆనుకుని వాటంతట అవే వరుసలో కూర్చుంటాయి. రాకెట్టు పక్కకు వంగబోతే గాలి గొట్టాల గోడలకు లోపలా బయటా తగిలి తోకను మళ్లీ వెనక్కి నెడుతుంది. లెక్క నిజం. బిళ్లలు మాత్రం తిరిగి వచ్చినట్టు ఎవరూ చెప్పలేదు.

గొట్టాలు గాలిని ఎక్కువ అడ్డుకుంటాయి కాబట్టి ఇలాంటి రాకెట్టు రెక్కల రాకెట్టంత ఎత్తు పోదు. ఈ సంగతి మామ తనంతట తాను ఎత్తడు. ఎవరన్నా ఎత్తితే, "ఎత్తు పోతే జనానికి కనపడొద్దా?" అని వాళ్లనే తప్పుపడతాడు.

అసలు కష్టం ముడిసరుకు. ఒంటికొక సీసా, చుట్టూ ఆరు సీసాల నడుములు, ఏడూ ఒకే మందం. అందుకని మామ పెళ్లిళ్లకు పోవడం మొదలుపెట్టాడు. అంతకుముందు చదివింపుల భయంతో తప్పించుకునే మనిషి, ఇప్పుడు శుభలేఖ రాకపోయినా ముందు బంతిలో ఉంటాడు. లడ్డూ వైపు చూడడు. "ఇంకో గ్లాసు పోసుకో అల్లుడూ, ఎండ కాలం" అని వరస లేనివాళ్లను కూడా అల్లుళ్లను చేసి సీసాలు ఖాళీ చేయిస్తాడు. బనగానపల్లెలో ఒక పెళ్లివారు మామకు తీరని అన్యాయం చేశారు. రెండు కంపెనీల డ్రింకులు తెప్పించారు. ఒక సీసా నడుము సన్నం, ఇంకోదాని నడుము లావు. ఆరు పేర్చితే సందు మిగిలింది. ఆ పెళ్లి ఎన్నాళ్లో నిలవదని మామ అన్నాడు. ఆ జంటకు ఇప్పుడు ఇద్దరు పిల్లలు.

సీసాలు కుదిరాక బరువు సమస్య. తోకలో ఆరు గొట్టాలు చేరితే వెనక బరువెక్కుతుంది. బరువు తూగే చోటు, గాలి నొక్కే చోటు కన్నా ఒంటి మందమంతైనా ముందుండాలి, లేకపోతే రాకెట్టు గాల్లో పల్టీ కొడుతుంది. ఊరి మీద అభిమానం కొద్దీ మామ ముక్కులో నాపరాయి ముక్క పెట్టాడు. వీధి మొత్తం ఒక్క గొంతుతో వద్దంది. అప్పుడు సగం రబ్బరు బంతిలో పాలిష్ ఫ్యాక్టరీ బురద నింపి తగిలించాడు. ఆ బురద మాకు గుట్టలుగా ఉంది, దానికి ఒక ఉపయోగం కనిపెట్టినవాడు మామ ఒక్కడే. తర్వాత పరీక్ష. రాకెట్టు తూగే చోట దారం కట్టి నెత్తి చుట్టూ తిప్పాలి, ముక్కు ముందుకుంటే గట్టిది. నడివీధిలో తిప్పితే ఎదురింటి తీగ మీది చీర కూడా దానితో పాటు తిరిగింది. చీర గలావిడ తిట్టినంత సేపూ మామ వినయంగా తలూపి, "వదినా, ఒక్క మాట. ముక్కు ముందుకే ఉండింది గదా?" అన్నాడు.

బండలమ్ముకునేవాడికి ఇదంతా ఎందుకని ఎవరైనా అంటే ఆయన దగ్గర జవాబుంది. అమెరికాలో 1954లో మోడల్ రాకెట్టు తయారుచేసిన ఆర్విల్ కార్లైల్‌కు నెబ్రాస్కాలోని ఒక చిన్న ఊళ్లో బూట్ల అంగడి ఉండేది. "చెప్పులమ్మేటోడు చేస్తే శాస్త్రం, బండలమ్మేటోడు చేస్తే పిచ్చా?" దీనికి ఇంతవరకు ఊళ్లో ఎవరూ ఎదురు చెప్పలేకపోయారు.

ఆదివారం ఫ్యాక్టరీల అవతల బయల్లో ప్రయోగం. పిల్లలు, గొర్రెలు, గొర్రెల కాపరి, దారినపోయే ఆటోవాళ్లు. రెండు బండముక్కల మీద రాకెట్టు ఆరు గొట్టాల మీద కుదురుగా నిలబడింది, సందులోంచి పంపు గొట్టం. అందరినీ దూరం జరిపాడు. పంపు కొట్టే పని ఒక కుర్రాడికిచ్చి, తాను జనం వైపు తిరిగి ఉపన్యాసం అందుకున్నాడు. బిరడా రాకెట్టులో ఒక చిక్కుంది. బిరడా పట్టు ఎప్పుడు సడలితే అప్పుడే అది లేస్తుంది, మన లెక్కతో దానికి పనిలేదు. పిల్లలు పది నుంచి వెనక్కి లెక్కపెడుతున్నారు. మామ కార్లైల్ దాకా వచ్చాడు. ఏడు దగ్గర బుస్సుమంది.

తిన్నగా లేచింది. గొర్రెలు సహా అందరూ పైకి చూశారు. మామ గిర్రున తిరిగేసరికి నీళ్ల తుంపర మొహాన కొట్టింది. ఆయన కళ్లు తుడుచుకునేలోగా సీసా దూరంగా కంపల్లో పడింది.

తర్వాత అరగంట వాంగ్మూలాలు. "తిన్నగా పోయిందా, వంగిందా? కరెంటు స్తంభమంత పోయిందా? రెండు స్తంభాలా?" పిల్లలు మూడు స్తంభాలన్నారు, మామ నోటుబుక్కులో నాలుగు రాసుకున్నాడు. గొర్రెల కాపరి సీసా ఏరుకొచ్చి, ఇది నీళ్లు తాగడానికి పనికొస్తదా అనడిగాడు.

మామకు వినపడలేదు. పుల్లతో నేల మీద పెద్ద సున్నా గీసి చుట్టూ చిన్న సున్నాలు పేరుస్తున్నాడు. "చుట్టూరా చిన్న సీసాలయితే ఎనిమిది పడతాయి. అర లీటరువి." పుల్ల పారేసి నా వైపు తిరిగాడు. "అల్లుడూ, శ్రావణంలో మీవాళ్లలో ఎవరి పెండ్లన్నా ఉందా?"