వేలంపాటతో తగ్గే అలసట

కోట్లు కురిపించే క్రికెట్ ఉన్నట్టుండి చాకిరీలా తోచడం వృత్తి ఆటగాళ్ళకు వచ్చే ఒక జబ్బు. క్రీడా పేజీల్లో దీన్ని వర్క్‌లోడ్ అంటారు. బస్సు కండక్టర్లకు, నాట్లు వేసే ఆడవాళ్ళకు ఇది సోకిన దాఖలాలు లేవు. వాళ్ళకు వచ్చేది ఉత్త నడుంనొప్పి, దానికి జిందా తిలిస్మాత్ సరిపోతుంది.

లక్షణాలన్నీ స్పష్టంగా కనబడింది 2022లో. ఆ జూలైలో ఇంగ్లండ్ ఆల్‌రౌండర్ బెన్ స్టోక్స్ మూడు ఫార్మాట్లూ ఆడటం ఇక తన వల్ల కాదంటూ వన్డేలకు స్వస్తి చెప్పాడు. పెట్రోలు పోసి తోలడానికి తామేమీ కార్లం కామన్నాడు. న్యాయమైన మాటే. డిసెంబరు ఐపీఎల్ వేలంలో చెన్నై సూపర్ కింగ్స్ 16.25 కోట్ల రూపాయల పెట్రోలు పోసింది. బండి రెండు మ్యాచ్‌లు నడిచి షెడ్డుకెళ్ళింది. 2023 ప్రపంచకప్ దగ్గరపడేసరికి వన్డే రిటైర్మెంటే రిటైరైపోయింది. ఆ సెప్టెంబరులో ఓవల్‌లో న్యూజిలాండ్ మీద ఆయన 182 పరుగులు బాదాడు.

న్యూజిలాండ్ బౌలర్ ట్రెంట్ బౌల్ట్ తీరు వేరు. ఇంటివాళ్ళతో గడపాలి, విదేశీ లీగులూ ఆడుకోవాలి అంటూ 2022 ఆగస్టులో బోర్డు కాంట్రాక్టు వదులుకున్నాడు. రెండో కారణాన్ని కూడా దాచకుండా చెప్పినందుకు మెచ్చుకోవాలి.

ఈ అలసటకు కాలజ్ఞానం ఎక్కువ. ద్వైపాక్షిక సిరీస్‌లలో ముదురుతుంది. రంజీ ట్రోఫీ అనగానే మంచమెక్కిస్తుంది. మార్చి చివర ఐపీఎల్ మొదలయ్యేసరికి, ఏ వైద్యుడి ప్రమేయమూ లేకుండా, మాయమవుతుంది. రోహిణి కార్తె ఎండలు, అర్ధరాత్రి విమానాలు, రెండు నెలల్లో 14 లీగ్ మ్యాచ్‌లు ఏమాత్రం అలుపు తెప్పించవు. వేలం ధరకు తోడు 2025 నుంచి మ్యాచ్‌కు ఏడున్నర లక్షల ఫీజు కూడా ముడుతోంది.

అలాగని అంతా నటనే అనడం అన్యాయం. ఫాస్ట్ బౌలర్ వెన్నుపూస అరుగుతుంది, జస్‌ప్రీత్ బుమ్రా వెన్నుకు శస్త్రచికిత్సే జరిగింది. క్యాలెండరు కిక్కిరిసిందన్నదీ నిజమే. 2025లో ఐపీఎల్ ఫైనల్ జూన్ 3న ముగిస్తే, ఇంగ్లండ్‌తో తొలి టెస్టు 20న మొదలైంది. చిత్రమేమిటంటే, బరువు తగ్గించాల్సి వచ్చినప్పుడల్లా ఆ క్యాలెండరులో చిరిగేది దేశం తరఫున ఆడే పేజీలే. ఆ సిరీస్‌లో బుమ్రా ముందే వేసుకున్న లెక్క ప్రకారం మూడు టెస్టులే ఆడాడు.

అయిదు టెస్టులూ ఆడిన పేస్ బౌలరు హైదరాబాదు ఆటో డ్రైవరు కొడుకు మహమ్మద్ సిరాజ్. 1,113 బంతులు వేశాడు, 23 వికెట్లు తీశాడు. ఓవల్‌లో చివరి టెస్టు నాలుగో రోజున ఇంగ్లండ్ బ్యాటరు హ్యారీ బ్రూక్ క్యాచ్ పట్టి కూడా బౌండరీ తాడు తొక్కాడు. అప్పటికి 19 మీదున్న బ్రూక్ 111 దాకా వెళ్ళాడు. మర్నాటి ఉదయం ఇంగ్లండ్ చివరి బ్యాటరు క్రిస్ వోక్స్ భుజం జారిన ఎడమ చేతిని స్వెట్టర్ లోపల కట్టుకుని క్రీజులోకొచ్చాడు. పరుగు తీసినప్పుడల్లా అతని మొహం నొప్పితో వంకర్లు పోయింది. అవతలి కొసన గస్ అట్కిన్సన్ ఆఫ్ స్టంపును సిరాజ్ యార్కర్ లేపేసింది. భారత్ ఆరు పరుగులతో గెలిచింది. ఆ ఉదయం మైదానంలో ఈ జబ్బు జాడ లేదు.

పాతకాలపు వాళ్ళకైతే ఇది పట్టనే లేదు. 131 టెస్టులాడిన కపిల్‌దేవ్‌కు తప్పిపోయిన టెస్టు ఒక్కటే, అదీ 1984లో సెలెక్టర్లు పక్కన పెట్టినందువల్ల. 1983 కప్పు గెలిచిన జట్టుకు బహుమతి ఇవ్వడానికి బోర్డు దగ్గర డబ్బుల్లేక లతా మంగేష్కర్ కచేరీ పెట్టి తలా లక్ష ఇచ్చారు. ఐపీఎల్ ఒత్తిడి గురించి వాపోయేవాళ్ళకు 2022లో కపిల్ రాసిచ్చిన మందు ఒకటే: ఆడకండి.

ఆ మందు నిజంగా వాడినవాడు బ్రూక్. తీరిక లేని రోజుల తర్వాత విశ్రాంతి కావాలని, ఇంగ్లండ్ ఆటకే ముందు సిద్ధం కావాలని 2025 మార్చిలో ఢిల్లీ క్యాపిటల్స్ ఇవ్వబోయిన 6.25 కోట్లు వదులుకున్నాడు. వేలంలో అమ్ముడయ్యాక తప్పుకున్నందుకు అతన్ని ఐపీఎల్ నుంచి రెండేళ్ళు నిషేధించారు.