తాకరాని వెండి

మా చిన్నతనంలో వెండి రూపాయికి ఎవరి పూచీకత్తూ అక్కర్లేదు. కొట్టాయన దాన్ని గుమ్మంలో బండ మీద విసిరేవాడు. ఖంగుమంటే గల్లాపెట్టెలోకి, బొదబొదమంటే తిరిగి మన చేతిలోకి. అంతే తీర్పు.

ఆ రూపాయి తూకం 11.66 గ్రాములు, అంటే సరిగ్గా తులం. అందులో పన్నెండు పాళ్లకు పదకొండు పాళ్లు వెండి. ఎనభై రూపాయలు త్రాసులో వేస్తే సేరు. ఖర్చుపెడితే డబ్బు, తూస్తే రాయి, కరిగిస్తే మురుగులు. లంబాడీ ఆడవాళ్లు వాటికి కొక్కేలు వేయించి మెడ నిండా వేసుకునేవాళ్లు. 1940లో దొరలు వెండిని సగానికి కోశారు, 1947కల్లా నికెల్ రూపాయి దించారు. దాన్ని చూసి మా నాయనమ్మ పెదవి విరిచింది, మళ్లీ ముట్టుకోలేదు.

ఇప్పుడేమో ముట్టుకుంటానన్నా ముట్టుకోనివ్వరు. మా మనవరాలు పరదేశం నుంచి వెండి బిళ్ల తెచ్చింది. ఆ పిల్ల పుట్టిన 1999 మనకు ప్రమాది, చైనావాళ్లకు కుందేలు సంవత్సరం. అందుకని బిళ్ల మీద కుందేలు. అటూ ఇటూ వంచితే ఇంద్రధనుస్సు రంగులు. అచ్చుదిమ్మె మీద కంటికి ఆనని సన్నటి గీతలు చెక్కి, వాటిని వెండిలోకి అచ్చొత్తుతారట. వెలుతురు ఆ గీతల్లో పడి రంగులుగా చీలుతుంది. మూత తీయబోతే, "తాతయ్యా, వేలిముద్ర పడితే ధర పడిపోతుంది!" అని అరిచింది. బిళ్లకో డబ్బా, డబ్బాకో పెట్టె, పెట్టెలో సర్టిఫికెట్టు. బండ మీద విసరాలన్న నా కోరిక నోట్లోనే ఉండిపోయింది.

ఈ వేలంవెర్రి నిన్నటిది కాదు. సింగపూర్, చైనా ఈ ఏటికో జంతువు నాణేలను 1981లోనే కోడితో మొదలెట్టాయి. కెనడా 2000లో డ్రాగన్ బంగారు నాణేనికి హోలోగ్రామ్ తొడిగింది. ఆస్ట్రేలియాలో పెర్త్ టంకశాల 1999లో కుందేలుతోనే వెండి వరస ఎత్తుకుంది. ఔన్సు బిళ్ల, 31.1 గ్రాములు, మీద రాసిన విలువ ఒక్క డాలరు. ఆ డాలరు పెట్టి అడిగితే ఇచ్చేవాడెవడు?

మనమేం తక్కువ తినలేదు. 2023లో ఎన్టీ రామారావుగారి బొమ్మతో హైదరాబాద్ టంకశాల వంద రూపాయల నాణెం తెచ్చింది. 35 గ్రాములు, సగం వెండి. వంద నోటిచ్చి తెచ్చుకున్నవాడు ఒక్కడూ లేడు, వేలు పోశారు.

రాశుల నాణేలంటే నాకు పడదనుకునేరు. 1618లోనే జహంగీరు పాదుషా నెల పేరుకు బదులు ఆ నెల రాశి బొమ్మ వేయించాడు. ఆగ్రాలో బంగారు మొహర్లు, అహమ్మదాబాదులో వెండి రూపాయలు. అదీ పాదుషా సరదాయే. అయినా ఆ వృషభం, ఆ సింహం బజార్లో చెల్లే డబ్బు, తూకానికి నిలిచే వెండి.

మనవరాలికి ఒకటే చెప్పాను: "బొమ్మ బావుంది, ముచ్చటపడి కొనుక్కో, కాదనను. రేపు అవసరానికి అమ్ముకుంటానని మాత్రం నాకు చెప్పకు. కంసాలి కుందేలును తూయడమ్మా, వెండిని తూస్తాడు."